పది పేర్లున్నవాడికి చెప్పిన మాట

పేరు కోసం పని చెయ్యకూడదన్న మాట మనలో విననివాళ్ళు ఎవరూ వుండరు. వినడమేమిటి, మనమే అంటూ వుంటాం కూడా. పిల్లలకి చెప్తాం, కోడళ్ళకి చెప్తాం, పెళ్ళివారింట్లో అలిగి కూర్చున్న ఆడపడుచుకి మరీ మరీ చెప్తాం. గొప్ప మాటే, కాదనను. కాకపోతే ఈ మాట ఎప్పుడూ ఎవరు ఎవరికి చెప్తున్నారా అని ఈమధ్య నాకో అనుమానం పట్టుకుంది.

ఆ అనుమానానికి కారణం వుంది లెండి. నా కథ ఒకటి తీసుకుని ఒక సంస్థవాళ్ళు నాటిక ఆడారు. కరపత్రంలో దీపాలు వెలిగించిన అబ్బాయి పేరుంది, కుర్చీలు అద్దెకిచ్చిన షామియానా కొట్టు పేరు కూడా వుంది. కథ రాసినదాని పేరు మాత్రం లేదు. ఇదేమిటండీ అని అడిగితే, ఆ సాయంత్రమే కప్పించుకున్న శాలువా భుజం మీద సర్దుకుంటూ ఒక పెద్దమనిషి, "మీవంటి రచయిత్రులే ఇలా అంటే ఎలాగమ్మా? ఫలం ఆశించకుండా పని చెయ్యమని గీతలో చెప్పలేదూ?" అన్నారు. ఆయన చేతిలో జ్ఞాపిక వుంది. దాని మీద ఆయన పేరు ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెక్కి వుంది.

సికింద్రాబాదులో బస్సెక్కి తిరుమలగిరి తిరిగి వస్తున్నాను. కార్ఖానా దాటేసరికి ఫెళ్ళున ఉరిమింది. పక్క సీట్లో ముసలావిడ కళ్ళు గట్టిగా మూసుకుని అర్జునుడి పేర్లు చదవడం మొదలుపెట్టింది. మనమూ చిన్నప్పుడు చదివినవాళ్ళమే. అర్జునుడు, ఫల్గుణుడు, పార్థుడు, కిరీటి... అలా వరసగా పది. ఆ పదీ వింటూ వుంటే నాకు ఠక్కున తోచింది. ఫలం మీద ఆశ పెట్టుకోకు అని కృష్ణుడు చెప్పింది ఎవరికి? పది పేర్లున్నవాడికి! ఉరిమితే జనం తలుచుకునేంత పేరున్నవాడికి. ఊరూ పేరూ లేనివాణ్ణి పిలిచి ఆ మాట చెప్పలేదు.

అంతేకాదు. ఆ పది పేర్లూ భారతంలో ఎక్కడ వస్తాయో చూడండి. విరాటపర్వంలో, గోగ్రహణం ముందర. ఏడాదిపాటు బృహన్నలగా విరాటుడి కొలువులో ఆడపిల్లలకి ఆటా పాటా నేర్పుతూ పేరు దాచుకుని బతికాడు అర్జునుడు. అజ్ఞాతవాసం గడువు తీరాక ఉత్తరకుమారుడికి తనెవరో చెప్తే, అతగాడు నమ్మలేక పది పేర్లూ చెప్పమన్నాడు. అర్జునుడు చెప్పాడు. ఒక్కొక్క పేరు ఎలా వచ్చిందో కూడా విడమరిచి చెప్పాడు. ఏడాది పేరు లేకుండా బతికిన మనిషికి ఆ పది పేర్లూ పలకడంలో ఎంత తృప్తి వుండివుంటుందో! గీత వినడం ఆ తర్వాతి సంగతి.

మరి అదే కొలువులో ద్రౌపది? సైరంధ్రి అని చెప్పుకుని రాణిగారి తల దువ్వుతూ బతికింది. ఎవరి కూతురో, ఎవరి ఇల్లాలో బయటికి చెప్పుకోవడానికి లేదు. కీచకుడి కన్ను పడింది. పేరు లేకపోవడం బృహన్నలకి విసుగు మాత్రమే. సైరంధ్రికి అది ప్రాణం మీదికి వచ్చింది.

ఈ కీచకుడి కథతోనే మన తెలుగువాళ్ళ సంగీతనాటక చరిత్రలో ఒక పెద్ద కుటుంబం బయలుదేరింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, ఒక పెళ్ళి సందర్భంలో, వనారస గోవిందరావుగారి వాళ్ళు 'కీచకవధ' ఆడారు. అంతకు ముందు వాళ్ళు తోలుబొమ్మలాట ఆడించేవాళ్ళు. తెర వెనకాల కూర్చుని, దీపం పెట్టుకుని, బొమ్మల్ని ఆడిస్తూ పద్యం పాడడం వాళ్ళ విద్య. బొమ్మలు దింపి తామే వేషాలు కట్టిన ఆ రాత్రి నుంచి వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు రంగస్థలం మీదే వున్నారు.

చాలా ఏళ్ళ క్రితం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలితకళాతోరణంలో సురభివాళ్ళు ఆడుతుండేవారు. ఒక ఆదివారం మా అత్తగారినీ పిల్లల్నీ వెంటపెట్టుకుని 'మాయాబజార్' చూడ్డానికి వెళ్ళాను. తిరుమలగిరి నుంచి నాంపల్లి అంటే మాకు పొరుగూరి ప్రయాణమంత. పులిహోర కట్టుకుని బయలుదేరాం. తీరా వెళ్ళేసరికి మధ్య కుర్చీలన్నీ నిండిపోయి, ఓ పక్కకి దొరికాయి. అక్కణ్ణుంచి రంగస్థలం సగమే కనిపిస్తుంది. కానీ తెర పక్క సందు మాత్రం నిక్షేపంగా కనిపిస్తుంది.

సురభి నాటకం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. రంగస్థలం మీద నిజం వాన కురుస్తుంది. అభిమన్యుడి బాణం, ఘటోత్కచుడి బాణం గాలిలో ఢీకొని నిప్పులు రాలుస్తాయి. రాజమహలు తెర పైకి పోతుంది, అడవి తెర దిగుతుంది, రెప్పపాటులో. పాటా పద్యమూ ఎవరివి వాళ్ళే పాడుకోవాలి. హార్మోనియం, తబలా పక్కనే కూర్చుని వాళ్ళ వెంట నడుస్తాయి. మధ్య కుర్చీల్లో వున్నవాళ్ళకి అదంతా మాయ. పక్క కుర్చీలో వున్న నాకు ఇంకో నాటకం కనిపించింది. నారదుడు కిందికి దిగుతున్నంతసేపూ తాడు పట్టుకుని ఒడుపుగా వదులుతున్నది ఎవరనుకున్నారు? శశిరేఖ! ఒంటినిండా నగలతో, పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని, పాదాలు నేలకి తన్నిపెట్టి లాగి పట్టుకుంది. నారదుడు నేల మీద కాలు పెట్టగానే తాడు ఎవరికో అందించి, కొంగు సర్దుకుని, సిగ్గుపడుతూ రంగస్థలం మీదికి వచ్చేసింది.

"ఇదేమిటే, పెళ్ళికూతురి చేత తాళ్ళు లాగిస్తున్నారూ!" అని మా అత్తగారు నొచ్చుకున్నారు.

ఆ లెక్కన ఆ కుటుంబంలో అందరూ నొచ్చుకోవాలి. ఇవాళ కృష్ణుడు వేసినవాడు రేపు లైట్లు చూస్తాడు. ఒకప్పుడు శశిరేఖ వేసినావిడ ఇప్పుడు పక్కన నిలబడి మనవరాలికి పద్యం అందిస్తుంది. ఇంతమందినీ నడిపించే మనిషి ఒకరుండాలి కదా. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి 1937లో రేకందార్ చిన వెంకటరావుగారు పెట్టినది. దాన్ని మన కాలంలో నడిపించినవారు రేకందార్ నాగేశ్వరరావుగారు. అలా అంటే ఎవరికీ తెలియదు, సురభి బాబ్జీ అనాలి. 2013లో పద్మశ్రీ వచ్చింది, 2022లో పోయారు. దర్శకుడు, నటుడు, యజమాని, ఇంటిపెద్ద, అన్నీ ఆయనే. అమెరికాలో ఇలాంటి పనికి నలుగురైదుగురు మనుషులు, వాళ్ళ వెనక లాయర్లూ వుంటారు. దర్శకుడి పేరు ఎంత పెద్ద అక్షరాల్లో, ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద వెయ్యాలో ముందే కాగితం మీద రాసుకుంటారు.

అక్కడి కథ ఒకటి చెప్తాను. జెరోమ్ రాబిన్స్ అని న్యూయార్కులో పెద్ద దర్శకుడు, నాట్యాచార్యుడు. 1918లో పుట్టి 1998లో పోయాడు. పుట్టినప్పుడు ఆయన రాబిన్స్ కాదు, రాబినోవిట్జ్. వలస వచ్చిన యూదుల ఇంటి పిల్లవాడు. పేరు మార్చుకుని పైకొచ్చాడు. 1957లో 'వెస్ట్ సైడ్ స్టోరీ' అనే సంగీతనాటకం తీశాడు. గొప్పదే. ఆలోచన నాది, దర్శకత్వం నాది, నాట్యం నాది అని, ప్రకటనల్లో తన పేరు చుట్టూ విడిగా ఒక గడి గీయించుకున్నాడు. అదే నాటకానికి సంగీతం కూర్చినవాడు లెనార్డ్ బెర్న్‌స్టీన్. ఆయన పాటల్లో మాటలు కూడా కొన్ని రాశాడు. స్టీఫెన్ సాంధైమ్ అనే ఇరవయ్యేడేళ్ళ కుర్రాడు తనతో కలిసి రాశాడు. నాటకం ప్రారంభమయ్యే రోజుల్లో ఆ కుర్రాడి పేరు ఎవరికీ పట్టలేదని చూసి, పాటల రచయితగా తన పేరు తీయించేసి మొత్తం పేరు సాంధైమ్‌కే ఇచ్చేశాడు బెర్న్‌స్టీన్.

ఎంత పెద్ద మనసు! అవును, నిజంగానే పెద్ద మనసు. కాని బెర్న్‌స్టీన్ అప్పటికే పది పేర్లున్నవాడు. పది ఉన్నవాడు ఒకటి ఇచ్చాడు. సాంధైమ్‌ని పిలిచి "నువ్వు నీ పేరు వదులుకో నాయనా, గొప్పవాడివవుతావు" అనలేదు. చూశారా, అక్కడ వుంది తేడా.

పేరు గడిలో పెట్టించుకున్న రాబిన్స్ మాటేమిటి? అంతకు నాలుగేళ్ళ ముందు, 1953లో, అమెరికా పార్లమెంటు కమిటీ ఒకటి కమ్యూనిస్టుల్ని వెతుకుతూ ఆయన్ని పిలిచింది. ఆయన ఎనిమిది మంది పేర్లు చెప్పాడు. తన పేరు నిలబడడానికి ఎనిమిది పేర్లు! అలా చెప్పబడ్డవాళ్ళకి పని దొరకని రోజులవి. తర్వాత 1962లో ఇంకొకరి సంగీతనాటకం ఒకటి ఊళ్ళలో ఆడి చతికిలపడితే రాబిన్స్‌ని పిలిచారు. మొదటి పాట మార్చండి, ఇది నవ్వులాట అని జనానికి ముందే చెప్పండి అన్నాడు. మార్చారు. నాటకం నిలబడింది. ఆ నాటకంలో ఒక నటుడి భార్య, రాబిన్స్ చెప్పిన ఆ ఎనిమిది మందిలో ఒకావిడ. ఆ నటుడు మొహం చిట్లించుకున్నాడో లేదో గానీ వేషం మాత్రం వదల్లేదు. విచిత్రమేమిటంటే ఆ నాటకం ప్రకటనల్లో రాబిన్స్ పేరు లేదు. గడి గీయించుకున్న మనిషి అక్కడ పేరు లేకుండా పనిచేశాడు! పేరున్నవాడు గనక పేరు లేకుండానూ చెయ్యగలిగాడు. 'వెస్ట్ సైడ్ స్టోరీ' సినిమా తీసేటప్పుడు సగంలో ఆయన్ని పంపించేశారు. అయినా దర్శకుడుగా పేరు వుంచారు. 1961 సంవత్సరపు సినిమాలకి ఇచ్చిన ఆస్కారులో ఆయనకీ వాటా వచ్చింది.

ఇదంతా చదివాక పేరు మీద ఆశ మనిషిని ఎక్కడికైనా దింపుతుందని ఆ శాలువా పెద్దమనిషి అనవచ్చు. నిజమే, రాబిన్స్ విషయంలో నేను ఆయన్ని వెనకేసుకు రాను. ఎనిమిది మంది పేర్లు అమ్మినవాడి తప్పు ఎంత గొప్ప నాట్యంతోనూ చెరిగిపోదు. కాని తను చేసిన పనికి తన పేరు అడగడం వేరు, దాన్ని కాపాడుకోవడానికి ఇంకొకరి పేరు చెరపడం వేరు. ఈ రెంటినీ ఒకే తాడుకి కట్టి, పేరు అడిగే ప్రతి ఆడదాన్నీ రాబిన్స్ పక్కన నిలబెట్టడం నాకు నచ్చదు.

సురభివాళ్ళు దీనికి ఒక మార్గం కనిపెట్టారనిపిస్తుంది. వాళ్ళ అసలు ఇంటిపేర్లు వనారస, రేకందార్, ఇంకా ఏవేవో. అవి పక్కన పెట్టి అందరూ ఊరి పేరు పెట్టుకున్నారు. సురభి కమలాబాయి, సురభి బాబ్జీ. పేరు వుంది, కాని ఒక్కరిది కాదు. తాడు లాగినవాళ్ళకీ అదే పేరు, కిరీటం పెట్టుకున్నవాళ్ళకీ అదే పేరు. ఇంకో మేలు కూడా జరిగింది. ఇతర నాటక సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్ళు కట్టే రోజుల్లో సురభి ఆడవాళ్ళు తమ వేషాలు తామే కట్టారు. స్థానం నరసింహారావుగారి సత్యభామని చూసి జనం పిచ్చెక్కిపోయారంటే ఆశ్చర్యం లేదు. ఆయన కళ అటువంటిది, 1956లోనే పద్మశ్రీ ఇచ్చారు. కాని ఆ కాలంలో సత్యభామ వెయ్యాలనుకున్న మామూలు ఇంటి ఆడపిల్లకి దారి ఎక్కడుంది? సురభి ఇంట్లో అయితే వుంది. తండ్రీ అన్నా మేనమామా అందరూ రంగస్థలం మీదే వున్నారు కనుక పరువు పోతుందనే మాట లేదు.

కమలాబాయిగారి పుట్టుక గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఆవిడ తల్లి వేషం కట్టి ఆడుతూ వుండగా నొప్పులు మొదలై, రంగస్థలం మీదే ప్రసవం అయిందట. చూసేవాళ్ళు అది కూడా నాటకంలో భాగమే అనుకున్నారట. ఆ బిడ్డే పెరిగి పెద్దదై 1932లో విడుదలైన మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసింది. ఈ కథ చెప్పినప్పుడల్లా కమలాబాయి పుట్టిన కథగానే చెప్తారు. ఆ రాత్రి నొప్పులు పడుతూ, పద్యం ఆగిపోకూడదని పళ్ళు బిగబట్టింది వాళ్ళమ్మ కదండీ! ఆవిడ కథగా ఎవరూ చెప్పరు. అందరికీ ఒకే పేరు అన్నచోట కూడా ఇలా జారిపోయేవాళ్ళు వుంటారు. జారిపోయేది ఎక్కువగా ఎవరో వేరే చెప్పాలా?

1990లలో కర్ణాటక నుంచి బి.వి.కారంత్‌గారు వచ్చి సురభివాళ్ళతో పనిచేశారు. దేశంలో పేరున్న దర్శకుడు. చిన్నప్పుడు గుబ్బి వీరన్న కంపెనీలో పెరిగినవాడు కనుక నాటకం కంపెనీ బతుకు ఆయనకి కొత్త కాదు. సురభివాళ్ళతో చేసిన మూడు నాటకాల్లో ఒకటి 'బస్తీ దేవత యాదమ్మ'. జర్మను రచయిత బ్రెహ్ట్ నాటకానికి మన బస్తీ రూపం. మూలంలో సంగతేమిటంటే, ఒక మంచి ఆడమనిషి వుంటుంది. అడిగినవాళ్ళకల్లా పెట్టి పెట్టి, చివరికి బతకలేక, తనకొక మేనత్త కొడుకో బాబాయి కొడుకో వున్నాడని చెప్పి మగవేషం వేసుకుంటుంది. మగపేరు పెట్టుకున్నాకే లోకం ఆమె మాట వింటుంది! బ్రెహ్ట్‌కి ఆ నాటకం రాయడంలో ఇద్దరు ఆడవాళ్ళు సాయం చేశారు, రూత్ బెర్లావ్, మార్గరెట్ స్టెఫిన్ అని. పుస్తకంలో వాళ్ళ పేర్లు సహకారం అన్నచోట వుంటాయి. అట్ట మీద వుండేది బ్రెహ్ట్ ఒక్కడే. ఆడదాని పేరు గురించి అంత బాగా రాసిన మనిషికి అట్ట మీద కాస్త చోటు దొరకలేదు.

"అందరూ పేరు కావాలని కూర్చుంటే తాడు ఎవరు లాగుతారే?" అని మా అత్తగారు అడిగారు, నేను ఈ ధోరణిలో మాట్లాడుతుంటే. మంచి ప్రశ్న. తాడు లాగేటప్పుడు పేరు తలుచుకుంటే నారదుడు కింద పడతాడు. ఆ క్షణంలో శశిరేఖకి తన పేరే కాదు, తన పెళ్ళి కూడా గుర్తుండకూడదు. గీతలో మాటకి అర్థం అదే అయితే నేను నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటాను. అది లాగేటప్పటి ధర్మం. లాగడం అయిపోయి, తెర పడి, జనం లేచి చప్పట్లు కొట్టేటప్పటి ధర్మం ఇంకొకటి వుంది. అది తాడు లాగినవాళ్ళది కాదు. నడిపించినవాళ్ళదీ, చూసినవాళ్ళదీ. ఈ రెండో ధర్మం మనం ఎగ్గొట్టి, మొదటిదాన్ని వాళ్ళకి బోధిస్తూ వుంటాం.

మా పెద్దమ్మ ఒకావిడ వుంది. మా వాళ్ళలో ముప్పై ఏళ్ళుగా ఏ పెళ్ళి జరిగినా నడిపించేది ఆవిడే. మన పెళ్ళిలోనూ తెర వుంటుంది కదా, వధూవరుల మధ్య పట్టుకునే అడ్డుతెర! జీలకర్రా బెల్లం ఏ పళ్ళెంలో, ఎవరి చేతికి, ఏ క్షణాన అందాలో, పంతులుగారు నోరు తెరవకముందే ఆవిడకి తెలుసు. తలంబ్రాల బియ్యం తడిపేది, అలిగినవాళ్ళని బుజ్జగించేది, వియ్యపురాలికి మొదటి విస్తరి ఎటువైపు వెయ్యాలో చెప్పేది అన్నీ ఆవిడే. సన్నాయివాళ్ళు కూడా ఆవిడ చేతి సైగ చూసే అందుకుంటారు. ముప్పై ఏళ్ళ ఆల్బములు తిరగేశాను. ఆవిడ మొహం ఒక్క ఫోటోలోనూ సరిగ్గా లేదు. ఒకదాంట్లో మోచెయ్యి వుంది. ఇంకోదాంట్లో అడ్డుతెర చివర నాలుగు వేళ్ళున్నాయి, గాజుల్ని బట్టి పోల్చుకున్నాను.

వచ్చే మాఘమాసంలో మా మేనకోడలి పెళ్ళి. శుభలేఖలో పెద్దమ్మ పేరు వేయించాలని నేను పట్టుబట్టాను. మా అన్నయ్య కాదనలేదు. పెద్దమ్మ మాత్రం ఫోనులో, "నాకెందుకే అవన్నీ" అంది. ఒక్క క్షణం ఆగి, "వేస్తే గీస్తే పూర్తి పేరు వెయ్యండి, మహాలక్ష్మి ఒక్కటే వెయ్యకండి, సుబ్బమహాలక్ష్మి" అంది.

ప్రెస్సు కుర్రాడు ప్రూఫు పట్టుకొచ్చాడు. "ఈవిడ పేరు దేని కింద వెయ్యమంటారమ్మా? ఆహ్వానించువారు కిందా, బంధుమిత్రుల అభినందనలతో కిందా?" అని అడిగాడు. రెండూ కాదన్నాను. "మరి దేనికిందండీ? మా దగ్గర ఉన్నవి ఇవే" అన్నాడు. రేపు చెప్తానని పంపించేశాను. మూడు రోజులైంది. ప్రూఫు బల్లమీదే వుంది, పక్కన పెన్సిలు పెట్టాను. మీకేమైనా తడితే చెప్పండి.